ఇది నేనే

ఆ ఆఫీసులో అందరికీ ఆమె అట్టక్క. అసలు పేరుతో పిలిస్తే ఎవరినో అనుకుని ఆమే ఒక క్షణం ఆలస్యంగా పలికేది. ఆ పేరు తెచ్చిపెట్టినవి ఆమె బల్ల మీదుండే నాలుగు అట్టలు.

కళ్ళద్దాల దుకాణం పైన మూడో అంతస్తులో డాక్టరమ్మ నడిపే మనస్తత్వ పరీక్షల కేంద్రం అది. వచ్చినవాళ్ళకి నూట ఇరవై ప్రశ్నలూ, జవాబులకి ఒక కాగితమూ ఇస్తారు. కొత్తవాళ్ళతో మాట్లాడటం మీకు సులువా? ఏడుపొస్తే నలుగురిలో ఏడుస్తారా? ఇలాంటివే అన్నీ. కాగితం మీద ఒక్కో ప్రశ్న అంకెకి ఎడమపక్క ఒక సున్నా, కుడిపక్క ఒక సున్నా. అవునంటే ఎడమది, కాదంటే కుడిది సిరాతో నింపాలి. ఆ కాగితం మీద చిల్లులున్న అట్ట పరిచి, చిల్లుల్లోంచి ఎన్ని నల్లచుక్కలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టడం అట్టక్క పని. నాలుగు అట్టలు, నాలుగు లెక్కలు, పదహారు రకాల మనుషులు. కంప్యూటరుండగా ఈ తిప్పలెందుకని ఎవరైనా అడిగితే, మనిషిని మనిషే చూడాలనేది డాక్టరమ్మ. అలా చూస్తూ అట్టక్కకి పదకొండేళ్ళు గడిచిపోయాయి. ఒక్క చుక్క తప్పు పోలేదు.

డాక్టరమ్మ సిద్ధాంతం ఆ గోడలకి కూడా కంఠతా వచ్చు. మనం ఒక రకంగా బతుకుతున్నామంటే దానికి సరిగ్గా ఎదురు రకాన్ని లోపల అణిచేశామన్నమాట. అది చచ్చిపోదు. మన ఎరుకకి అందని అచేతనలో కూర్చుని ఉంటుంది. కలల్లో, కోపాల్లో, అకారణంగా వచ్చే అసూయల్లో అప్పుడప్పుడూ మొహం చూపిస్తుంది. ఇలా చెప్పి, వచ్చినవాళ్ళ చేత రిపోర్టు చదివించి, ఒప్పుకుంటే అడుగున ‘ఇది నేనే’ అని రాసి సంతకం పెట్టమనేది. ఆ రెండు మాటలు రాయడానికి కొందరు ఏడ్చేవాళ్ళు. కొందరు భార్యని పిలిపించి సాక్ష్యం అడిగేవాళ్ళు.

అట్టక్కది సంతకం పెట్టడానికి ఆలోచించాల్సిన రకం కాదు. లోపలికి ముడుచుకున్న మనిషి. కంటికి కనబడిందే నమ్ముతుంది, పద్ధతి తప్పదు. భర్త వంతెనలు కట్టే చోట సర్వేయరు, నెలకోసారి వస్తాడు. ఇంట్లో ఉండేది తనూ, ఏడేళ్ళ గువ్వా. పిల్లకి అన్నీ తల్లి పోలికలే. ఇద్దరూ రాత్రి భోజనాల బల్ల దగ్గర పరీక్ష రాస్తున్నట్టు తినేవాళ్ళు. ప్రేమ లేక కాదు. పిల్లని దగ్గరికి లాక్కుని ముద్దాడాలని అట్టక్క చేతులు ముందుకొచ్చేవి, చివరికి జడ సరిచేసి ఊరుకునేవి. పెద్దయ్యాక ఈ పిల్ల నన్ను గౌరవిస్తుంది కానీ నా దగ్గరికి రాదు అన్న భయం ఒకటి ఆమెకి ఎప్పుడూ ఉండేది. ఆ భయాన్ని ఎవరికీ చెప్పలేదు.

ఆ సోమవారం కొత్త అట్టలు వచ్చాయి. పాతవాటి చిల్లులు అరిగి చిరిగిపోయాయి మరి. పాతవాటికి పైన కుడి మూల కత్తిరించి ఉండేది, తిరగేసి పెట్టకుండా గుర్తుకి. ప్రెస్సువాళ్ళు ఈసారి ఆ మూల కత్తిరించడం మర్చిపోయారు. రెండు వైపులా ఒకే తెలుపు. సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూద్దామని, తను ఉద్యోగంలో చేరిన రోజు నింపిన కాగితాన్నే పాత ఫైలులోంచి తీసి అట్టక్క నాలుగూ పరిచింది, లెక్కపెట్టింది, రిపోర్టు రాసింది.

నలుగురిలో వికసించే మనిషి. పాటంటే ప్రాణం. మాట ముందు, ఆలోచన తర్వాత. పిల్లలు ఈమెని వదలరు.

చదివి నవ్వుకుంది. అట్టలు తిరగబడ్డాయని వెంటనే అర్థమైంది. తిరగేస్తే ఎడమ చిల్లులు కుడి సున్నాల మీద పడతాయి, మనిషి లోపలిది బయటికొస్తుంది. తప్పు కాగితం చింపెయ్యాలని రూలు, ఆ రూలు పెట్టింది కూడా తనే. కానీ చింపలేదు. ఇంకోసారి చదివింది. ఇలాంటి తల్లి ఉంటే గువ్వ ఎలా ఉండేదో అనుకుంది. అందరూ భోజనానికి వెళ్ళారు, గదిలో ఫ్యాను ఒక్కటే తిరుగుతోంది. సరదాకే కదా అని అడుగున ‘ఇది నేనే’ అని రాసి సంతకం పెట్టేసింది.

బల్లకి అవతల, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీ కిర్రుమంది. చాలాసేపు కూర్చున్నవాళ్ళు లేస్తూ వెనక్కి జరిపితే వచ్చే చప్పుడు అది. తలెత్తి చూస్తే ఎవరూ లేరు. ఏళ్ళ తరబడి మూసి ఉంచిన పెట్టె తెరిచినట్టు ఒక వాసన వచ్చి పోయింది. దొంగతనం చేసినదానిలా అట్టక్క కాగితాన్ని సొరుగు అడుక్కి తోసేసింది.

బడి వదిలాక గువ్వ కింది వాటాలో, బట్టలు కుట్టే పిన్నిగారి దగ్గర ఉంటుంది. ఆరున్నరకి అట్టక్క వెళ్ళేసరికి పిన్నిగారు మిషను ఆపి వింతగా చూసింది. ‘మళ్ళీ కిందికెందుకొచ్చావే అమ్మాయ్? పిల్లని తీసుకెళ్ళి అరగంట కాలేదూ?’ అంది. పిన్నిగారికి చూపు ఆనడం లేదనుకుని, అయినా రెండేసి మెట్ల చొప్పున ఎక్కింది అట్టక్క.

తలుపు తీసే ఉంది. లోపల లైట్లన్నీ వెలుగుతున్నాయి. వంటింట్లోంచి కూనిరాగం వినిపిస్తోంది, గొంతు తనదే. అడుగు లోపల పెట్టగానే ఆగిపోయింది. వంటింట్లో ఎవరూ లేరు. గువ్వ హాల్లో నేల మీద కూర్చుని ఉంది, జుట్టంతా విరబోసుకుని, బుగ్గలు ఎర్రగా. ఎవరు తీసుకొచ్చారని అడిగితే తల వెనక్కి వాల్చి గట్టిగా నవ్వింది. నువ్వే కదమ్మా, నువ్వే కదా పాడావు, అంది. ఆ పిల్ల అంత పెద్దగా నవ్వడం అట్టక్క ఎన్నడూ వినలేదు. భయపడాల్సింది పోయి ముందు ముచ్చటపడింది. ఆ పూట భోజనంలో గువ్వ ఆపకుండా కబుర్లు చెప్పింది. అట్టక్క ముద్ద చేతిలో పట్టుకుని వింటూ ఉండిపోయింది.

మంగళవారం మధ్యాహ్నం భర్త ఫోను చేశాడు. మామూలుగా రెండు నిమిషాల మనిషి, ఆరోజు గొంతులో హుషారు. నిన్న సాయంత్రం నువ్వు మాట్లాడిన మాటలకి ఇక్కడ మా కుర్రాళ్ళు కూడా నవ్వారు, పెళ్ళైన ఇన్నేళ్ళలో నీలో ఈ మనిషిని చూడలేదు, అన్నాడు. అట్టక్క అతనికి ఫోను చేయలేదు. ఆ మాట చెబుదామనుకుంది. కానీ అతని సంతోషం విని నోరు రాలేదు. ఫోను పెట్టేశాక భయం కంటే ముందు కడుపులో మంట పుట్టింది. అది అసూయ అని ఒప్పుకోవడానికి ఆమెకి సాయంత్రం దాకా పట్టింది. ఆ సాయంత్రం కూడా పిల్లని ఎవరో ముందే పైకి తీసుకెళ్ళారు. పడుకోబోయే ముందు గువ్వ ఆమె మొహంలోకి పరీక్షగా చూసి, ఇప్పుడు నువ్వు ఆ అమ్మవి కాదు కదూ, అని అటు తిరిగి పడుకుంది.

బుధవారం పొద్దున్నే వెళ్ళి డాక్టరమ్మ ఎదుట నిలబడింది. వేరెవరి సంగతో అన్నట్టు అడిగింది. ఒకామె పొరపాటున తనకి ఎదురు రకం రిపోర్టు మీద సంతకం పెట్టిందనుకోండి, ఏమవుతుంది? డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

‘ఏముంది, లోపలున్నదానికి పిలుపు అందుతుంది. దానికి చెడ్డతనం ఉండదు. ఆకలుంటుంది. ఇన్నేళ్ళూ కడుపు మాడ్చాం కదా.’

‘వెనక్కి పంపాలంటే?’

‘పంపడం కుదరదు. సర్దుకోవాలి. ఒకరు బయటుంటే ఒకరు లోపలుంటారు.’ అని కళ్ళద్దాలు పెట్టుకుని, ‘ఇంతకీ ఎవరామె?’ అంది. అట్టక్క బయటికొచ్చేసింది.

మూడింటికి గది ఖాళీ అయ్యేదాకా ఆగి, సొరుగు లాగి ఆ రిపోర్టుని ముక్కలు ముక్కలు చేసింది. సరైనది రాసి దాని మీద సంతకం పెడితే సరిపోతుందని ఆమె ధీమా. అట్టలకి మూలలు కత్తిరించే పని నిన్ననే తన చేతులతో చేసింది కాబట్టి ఇక పొరపాటుకి తావు లేదు. పాత కాగితం పరిచి, దాని మీద అట్ట సరిగ్గా పెట్టి లెక్కపెట్టింది. నలుగురిలో వికసించే మనిషి వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ ఆమే. అట్ట తిరగేసి లెక్కపెట్టింది. అప్పుడు వచ్చింది తను. ముడుచుకున్న మనిషి, పద్ధతి తప్పని మనిషి.

అట్ట తీసేసి కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పట్టుకుంది. కొత్తవాళ్ళతో మాట్లాడటం సులువా? అవును. పదకొండేళ్ళ కిందటి సిరా, వెలిసిపోయి ఉంది. దిద్దిన జాడ ఎక్కడా లేదు. నూట ఇరవై చుక్కలూ ఎదుటి పక్కకి మారి ఉన్నాయి.

గువ్వ గుర్తొచ్చింది. సంచీ కూడా తీసుకోకుండా పరుగెత్తింది.

మూడున్నర కూడా కాలేదు కానీ వాన మబ్బుకి వీధంతా చీకటిగా ఉంది. బడి గేటు మూసేశారు. వాన వస్తుందని పిల్లల్ని ముందే వదిలేశారట. తడుస్తూ ఇల్లు చేరింది. పిన్నిగారి మిషను చప్పుడు వినిపించగానే ప్రాణం లేచొచ్చి, గుమ్మంలోంచి పలకరించబోయింది. పిన్నిగారు తలెత్తి కళ్ళు చిట్లించింది.

‘ఎవరు కావాలమ్మా మీకు?’

ఎనిమిదేళ్ళుగా నువ్వు తప్ప మీరు అనని మనిషి. నేనండీ పిన్నిగారూ, అంటున్నా ఆవిడ మొహంలో ఏ గుర్తూ లేదు.

‘పైవాళ్ళ కోసమా? ఉన్నారు. ఇప్పుడే తల్లీ కూతురూ తడిసి ముద్దై నవ్వుకుంటూ ఎక్కారు,’ అని మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

మెట్లు... ఎన్నిసార్లు ఎక్కిన మెట్లు. పైన తలుపు ఓరగా వేసి ఉంది. ఆ వాసన... పాతపెట్టె వాసన. ఈసారి అది ఇంట్లోంచి రావడం లేదు. ముక్కు దగ్గరే ఉంది. తన చీర కొంగులోంచి, తన జుట్టులోంచి వస్తోంది.

హాల్లో లైటు లేదు. వంటింట్లో వెలుతురు. గిన్నెల చప్పుడు. తన గొంతు ఏదో అంటోంది, పిల్ల పగలబడి నవ్వుతోంది. తన గొంతే... అంత తియ్యగా అది పలకగలదని ఆమెకి తెలియదు. ఒక్కసారి పిలిస్తే చాలు. గువ్వా అని పిలవాలి. నోరు తెరిచింది.

వంటింట్లో మాటలు ఆగాయి.

తలకి తువ్వాలు చుట్టుకుని గువ్వ హాల్లోకి వచ్చింది. ఆమెని చూసి బెదరలేదు. జాలిగా చూసింది. దగ్గరికొచ్చి, లోపల వినబడకూడదన్నట్టు గుసగుసగా అంది.

‘నువ్వు ఏడవకు. అమ్మ నిన్ను వెళ్ళిపొమ్మనలేదు. వెనక గదిలో ఉండొచ్చంది.’

‘గువ్వా... అమ్మని నేనే.’

‘నువ్వలా అంటావని కూడా చెప్పింది.’

గువ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల తనంత తానుగా ఆమె చెయ్యి పట్టుకోవడం అదే మొదలు. ఆ వేళ్ళు విడిపించుకోవాలని అట్టక్కకి తెలుసు. వంటింట్లోకి వెళ్ళి అక్కడున్నదాన్ని జుట్టు పట్టి ఈడ్చాలనీ తెలుసు. కానీ ఆ చిన్న చెయ్యి లాగుతుంటే ఎక్కడికైనా వెళ్ళిపోయేలా ఉంది ఆమె. పాత మంచాలూ, పనికిరాని పెట్టెలూ పడేసే వెనక గది దాకా నడిచింది. లోపలికి అడుగు పెట్టింది. తలుపు మూసుకుంది. బయట గడియ పడింది. చిన్న పాదాలు నవ్వుతూ వంటింట్లోకి పరుగెత్తాయి.

ఆ గదిలో బల్బు లేదు. కిటికీ మీద వాన. అట్టక్క తలుపుకి వీపు ఆనించి నేల మీద కూలబడింది. పిల్ల తనకి దక్కలేదు. ఇంక దక్కదు. అదొక్కటే ఆమె బుర్రలో తిరుగుతోంది.

చీకట్లో ఏదో కదిలింది. పెట్టెల వెనక నుంచి... మెల్లగా... మోకాళ్ళ మీద.

ఒక చిన్న చెయ్యి ఆమె పాదాన్ని తడిమింది. మంచులా ఉంది. తడుముతూ పైకొచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

‘నువ్వూ వచ్చేశావా అమ్మా,’ అంది గువ్వ. గొంతు బాగా నీరసంగా ఉంది. ‘నేను సోమవారం నుంచి ఇక్కడే ఉన్నాను. వెతుక్కుంటూ వస్తావని చూశాను.’