అక్క బుగ్గల మీద చుక్కలు

శుక్రవారం భోజనంలో కుస్కుస్ రవ్వ పళ్ళెం ఖాళీ అయింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ చెప్పేసింది.

"పోస్టరు మీద రిహాబ్ మొహం వేద్దాం. బుష్రా పిన్ని కెమెరా తెస్తోంది. ఎండ దిగకముందే మేడ మీద ఫోటో తీసేయాలి."

చిన్నకూతురు దోహాకి కడుపు మండిపోయింది.

మొరాకోలోని ఫెజ్ ఊళ్ళో ఎందరో పెళ్ళికూతుళ్ళకి మేకప్ వేసేది అమ్మే. ఇప్పుడు సొంతంగా గులాబీ క్రీము చేసి అమ్మబోతోంది. రేపే సంతలో మొదటి స్టాలు. ఆ గులాబీ రేకులు వలిచిందెవరు? డబ్బాలకి కాగితాలు అంటించిందెవరు? దోహా! పోస్టరు మీదేమో అక్క రిహాబా? మొహం నిండా గోధుమరంగు చుక్కలున్న అక్క! దోహా బుగ్గలు ఎంత నున్నగా ఉంటాయో అమ్మకి కనబడదా?

అక్క ముస్తాబవడానికి గదిలోకి వెళ్తుంటే దోహా వెనకాలే వెళ్ళింది.

"నిన్నెందుకు ఎంచిందో తెలుసా?"

"ఎందుకే?"

"మచ్చల్ని ఎంత బాగా దాస్తుందో జనానికి చూపించాలిగా! నా మొహం పెడితే ఏం తెలుస్తుంది?"

అక్క నవ్వు ఆగిపోయింది. "అమ్మ అలా అందా?"

"అంది," అనేసింది దోహా. అమ్మ ఆ మాట అననే లేదు.

కాసేపటికి అక్క మేడ మీదికొచ్చింది. పెళ్ళికూతుళ్ళకి వాడే క్రీము దట్టంగా మెత్తుకుంది. ఒక్క చుక్క కనబడితే ఒట్టు.

"ఇదేంటే, పిండిలో దొర్లావా?" అంది అమ్మ.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకొద్దు ఫోటో. దోహాకే తియ్యండి," అని దడదడా మెట్లు దిగిపోయింది.

"వేళ మించిపోతోంది. రావే దోహా, కూర్చో," అంది బుష్రా పిన్ని.

దోహా ఎగిరి గంతేసి స్టూలెక్కింది. కోరుకున్నది దక్కింది కదా! అమ్మ క్రీము రాస్తోంది కానీ చూపు మెట్ల వైపే ఉంది.

"అమ్మా, అక్క మచ్చలు దాచకుండానే ఫోటో తీద్దామనుకున్నావా?"

"దాచడమెందుకే? అవి మీ అమ్మమ్మ చుక్కలు. పెళ్ళికూతుళ్ళందరూ వచ్చి 'ఈ మచ్చ కప్పు, ఆ మచ్చ కప్పు' అంటారు. ఉన్న మొహాన్ని కప్పేశాక ఇంక అందం ఎవరిది? మేకప్పుదా? దాని బుగ్గలు చూసే, ఏదీ కప్పని ఈ క్రీము మొదలెట్టాను. ఆ మాట దానికి చెప్పనే లేదు."

దోహాకి స్టూలు మీద ముళ్ళున్నట్టనిపించింది. గబుక్కున దిగి కిందికి పరిగెత్తింది.

అక్క గోడ వైపు తిరిగి పడుకుని ఉంది.

"అక్కా, అమ్మ అలా అనలేదు. నేనే కల్పించాను. నీ ఫోటో వేస్తున్నారని కుళ్ళు నాకు."

"పో అవతలికి."

దోహా పోలేదు. దూదిని మేకప్ తుడిచే ఆర్గాన్ నూనెలో ముంచి తెచ్చి పక్కనే కూర్చుంది. చివరికి అక్క ఇటు తిరిగింది.

"అద్దం చూసుకుంటే నాకే అసహ్యమేసింది, తెలుసా?"

దోహాకి ఏడుపొచ్చింది. మెల్లగా తుడిచింది. నుదురు, ముక్కు, బుగ్గలు. దూది కింద చుక్కలన్నీ మళ్ళీ బయటికొచ్చాయి.

ఇద్దరూ మేడ మీదికి వెళ్ళి, అక్క స్టూలు మీద కూర్చునేసరికి ఎండ గోడ అంచుకి జారింది.

"మొహం మీద నీడ పడుతోంది. ఆ తెల్లట్ట ఎవరైనా పట్టుకుంటే వెలుగు ఇటు తిరుగుతుంది," అంది బుష్రా పిన్ని.

అట్ట దోహాయే అందుకుంది. కడుపులో మంట ఇంకా కాస్త ఉంది. చేతులు లాగేస్తున్నాయి. అయినా మునివేళ్ళ మీద నిలబడి అట్టని ఇంకాస్త పైకెత్తింది. అక్క బుగ్గల మీద ఒక్క చుక్క కూడా నీడలో మిగల్లేదు.