పటం మీద మడత

సరిహద్దు ఒప్పందం మీద సంతకాలకి మూడు గంటల ముందు, దాని పటం గీసిన ముసలి డ్రాఫ్ట్స్‌మన్ తన బల్ల మీదే చచ్చిపడి ఉన్నాడు. మెడ వెనక సూదిపోటు. పక్కన కాఫీ ఇంకా చల్లారలేదు.

"పటం?" అడిగాడు ఏజెంట్.

"సేఫ్‌లో ఉంది. సీలు చెక్కుచెదర్లేదు. అదే నాకు నచ్చట్లేదు," అన్నాడు చీఫ్. "పటం జోలికి పోనివాళ్లకి ఈయనతో ఏం పని?"

మారుపేరుతో ఈ ఆఫీసులో పనిచేసిన రెండేళ్లూ ఏజెంట్ ఈ ముసలాయన చేత తిట్లు తిన్నాడు. ఇప్పుడు అతనికి ఏడుపొచ్చింది. మింగేశాడు.

"పదకొండింటికి హాల్లో పటం పరచాల్సింది ఈయనే," అన్నాడు చీఫ్. "ఇక నువ్వు పరచు. బంట్రోతు వేషం. పటం సరైనదైతే మన ఇంటర్‌ప్రెటర్ 'కిటికీ వెయ్యమంటారా' అంటుంది. అదే కోడ్. తేడా వస్తే మాత్రం ఎవర్నీ వేలెత్తి చూపకు. ఒక్క మాట తూలినా అవమానం జరిగిందంటారు. సరిహద్దులో వాళ్ల ట్యాంకులు సాకు కోసమే కాచుక్కూచున్నాయి."

ఒకప్పుడు ఆ పొరుగుదేశపు రాయబారి మన మంత్రి గది బయట గంటలకొద్దీ పడిగాపులు పడేవాడు. ఇప్పుడు వాళ్లు బలిశారు, మనం చిక్కాం. నదికి ఇవతల ఉన్న మన లోయ మీద వాళ్ల కన్ను పడింది. నదే సరిహద్దని ఒప్పించడానికి మనవాళ్లకి తాతలు దిగొచ్చారు. ఏజెంట్ అక్క, ఆమె ఇద్దరు పిల్లలూ ఉండేది ఆ లోయలోనే.

హాలు కిక్కిరిసి ఉంది. సేఫ్ నుంచి పటం పెట్టెని ఇంటర్‌ప్రెటరే స్వయంగా తెచ్చింది. మెడలో ముత్యాలు, చేతిలో నల్ల హ్యాండ్‌బ్యాగ్, చూపు తిప్పుకోనివ్వని అందం.

"కిటికీ వెయ్యమంటారా?" అంది నవ్వుతూ.

ఏజెంట్ మనసు కుదుటపడింది. పటం పరిచి అరచేత్తో సర్దాడు. వేలికింద సన్నటి గీర తగిలింది. మడత! ఎవరో ఇస్త్రీ చేశారు గానీ పూర్తిగా పోలేదు.

ఒరిజినల్‌ని చుట్టాలే తప్ప మడవకూడదు. మడతలో గీత వెంట్రుకంత జరిగినా నేల మీద ఒక ఊరు గల్లంతవుతుంది. ముసలాయన తిట్లన్నీ దీనిగురించే. ఆయనే పరిచి ఉంటే తాకగానే పట్టేసేవాడు, అందుకే చంపేశారు. ఏజెంట్ కళ్లు సరిహద్దు గీత వెంట పరుగెత్తాయి. అది నదిని వదిలేసి కొండల మీదుగా పోతోంది. అక్క ఊరు అవతల పడింది.

మన మంత్రిగారికి చత్వారం. కళ్లజోడు పెట్టుకుంటే ఫొటోలో బాగుండదని తీసేశారు. పెన్ను ములుకు కాగితాన్ని తాకింది.

ఏజెంట్ మోచేయి సిరాబుడ్డికి తగిలింది. నల్లటి సిరా పటమంతా పారి పొరుగు మంత్రి తెల్లకోటు మీదికి ఎగబాకింది.

"గాడిదా!" అరిచారు మంత్రిగారు.

"తప్పైపోయింది సార్! మేడమ్, మీ బ్యాగ్ మీదా పడింది, తుడిచిస్తా."

ఆమె బ్యాగ్‌ని గుండెకి అదుముకుంది. ఏజెంట్ కనుసైగ అందుకుని, మఫ్టీలో ఉన్న చీఫ్ మనుషులిద్దరు ఆమెని మర్యాదగా పక్కగదిలోకి నడిపించారు. బ్యాగ్‌లో ఒరిజినల్ ఉంది, ఎనిమిది మడతల్లో.

"సిరా ఆరిపోతుంది," అందామె నింపాదిగా. "ట్యాంకులు ఎక్కడికీ పోవు."

అది నిజమే. సాయంత్రానికల్లా పొరుగుదేశం సంతకాలకి కొత్త తేదీ అడిగింది.

ఆరింటికి అక్క ఫోన్ చేసింది. "టీవీలో చూశాంరా! అంతమంది ముందు సిరా ఒలకబోశావేంటి? ఉద్యోగం ఉందా, ఊడిందా?"

"ఊడిందక్కా."

"పోనీలే, మా ఇంటికొచ్చెయ్. ఇక్కడ ఏ గొడవా ఉండదు."