నాన్న లేని ఓడ

పొద్దున్నే ఇడ్లీకుక్కర్ ఇంకా దింపనే లేదు, బెల్లు మోగింది. స్నిగ్ధ తడిచేతులు తుడుచుకుంటూ తలుపు తీసింది. ఎదురు ఫ్లాట్ ఉమాదేవి నవ్వుతూ నిలబడి ఉంది. వరంగల్ నుంచి వచ్చి ఏళ్ళ తరబడి గల్ఫ్‌లోని ఈ ఫుజైరాలోనే ఉంటున్న మనిషి.

"పొద్దున్నే వచ్చిన, ఏమనుకోకు స్నిగ్ధా. నీతోని చిన్న పనుండె. మా మరిది డిప్లొమా అయిపోయి ఖాళీగ కూసున్నడు. మీ ఆయన షిప్పుల ఇంజనీరంట గదా, ఓ మాట చెప్పి ఎక్కడన్న పెట్టిస్తడేమోనని."

స్నిగ్ధకి తలాతోకా అర్థం కాలేదు. "ఎవరు? మా ఆయనా?"

"అగో, మీ అమ్మనే చెప్పింది గదా! ఎప్పుడూ సముద్రం మీదనే ఉంటడు, వచ్చినప్పుడు చూద్దురులే అన్నది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

తర్వాత మాట్లాడదామని ఉమాదేవిని పంపించి తలుపు వేసేసరికి స్నిగ్ధకి ఒళ్ళు మండిపోతోంది. ఆశిష్ ఏ ఓడలోనూ లేడు. హైదరాబాద్‌లో ఉన్నాడు. విడాకులై రెండేళ్ళయింది, మళ్ళీ పెళ్ళి కూడా చేసుకున్నాడు. కన్నకూతురి పుట్టినరోజుకైనా ఫోన్ చెయ్యని మహానుభావుడు! ఆరేళ్ళ అమూల్యని వెంటబెట్టుకుని, కాకినాడలో ఉద్యోగం మానేసి, ఇక్కడి యూనివర్సిటీలో ఆస్పత్రి నిర్వహణలో పీజీ చెయ్యడానికి వచ్చింది తను. పిల్లని చూసుకోవడానికి తల్లి సుభద్ర తోడొచ్చింది. ఆవిడే లేకపోతే ఈ చదువు ఒక్క వారం కూడా సాగదు. పైగా వచ్చే వారమే చివరి పరీక్షలు.

"అమ్మా, ఇలా రా!"

"ఇడ్లీలు దించి వస్తానే."

"ఇడ్లీల సంగతి తర్వాత. ఎవడమ్మా షిప్ ఇంజనీరు?"

సుభద్ర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "అరవకు. పిల్ల బాల్కనీలో ఉంది."

బాల్కనీ అనగానే స్నిగ్ధకి అనుమానం వచ్చింది. ఆ బాల్కనీలోంచి చూస్తే సముద్రం మీద ఆయిల్ నింపుకోవడానికొచ్చిన ఓడలు బారులు తీరి కనిపిస్తాయి. స్కూలు బస్సు వచ్చేలోగా అమూల్య రోజూ వాటికి చెయ్యి ఊపుతుంది. పిల్ల ఆటలనుకుని తను మురిసిపోయింది కూడాను.

"దానికీ ఇదే చెప్పావా?"

సుభద్ర తల దించుకుంది. "అందరి నాన్నలూ బస్సు దగ్గరికి వస్తారు, మా నాన్న ఎక్కడని ఒకటే ఏడుపు. అదిగో, ఆ ఓడల్లోనే ఉన్నాడమ్మా అన్నాను. ఏడుపు ఆపింది."

"సిగ్గుగా లేదూ నీకు? పసిదాని చేత ఊరూ పేరూ లేని ఓడలకి టాటాలు చెప్పిస్తావా?"

అంతే, సుభద్రకీ రోషం వచ్చింది. "నాకెందుకే సిగ్గు? నువ్వు బ్యాగు తగిలించుకుని కాలేజీకి చక్కా పోతావు. లిఫ్టులో ఇరుక్కునేది నేను! అల్లుడుగారేం చేస్తారండీ అంటే ఏం చెప్పమంటావు?"

"విడాకులయ్యాయని చెప్పు. అదేమన్నా బూతుమాటా?"

"నా నోట రాదు! మీ నాన్న పోయిన దుఃఖం దిగమింగుకున్నాను గానీ, ఈ మాట మాత్రం సొంత అక్క దగ్గర కూడా అనలేకపోయాను."

"అంటే నేనంటే నీకు నామోషీ. అందుకే నా మీద ఓ ఓడ కప్పేశావు. ఇవాళ ఉద్యోగం వేయించమన్నారు, రేపు ఆయన్ని భోజనానికి తీసుకురమ్మంటారు. అప్పుడు ఎవణ్ణి తెస్తావు?"

"పిచ్చిదానా, నిన్నెవరూ ఒక్క మాట అనకూడదనే కదే..."

"నాకొద్దా కాపలా! వెళ్ళిపో అమ్మా. ఇవాళే టికెట్ తీస్తాను. అబద్ధాలు నేర్పే అమ్మమ్మ నా కూతురికి అక్కర్లేదు."

"పోతాను! నేను పోతే నీ పరీక్షలేం కావాలో అదీ చూసుకో."

"గంగలో కలవనీ!"

బాల్కనీ తలుపు దగ్గర అమూల్య నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూసుకోలేదు.

"నాన్న షిప్‌లో లేడా?" అంది. ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "మరి నేను రోజూ ఎవరికి టాటా చెప్తున్నా?"

స్నిగ్ధ నేలమీద చతికిలబడి కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "నాన్న హైదరాబాద్‌లో ఉన్నాడమ్మా. మనతో ఉండడు. నేనూ ఆయనా విడిపోయాం."

"ఇంక రాడా?"

"రాడు తల్లీ."

అమూల్య ఏడవలేదు. మొహం ఎర్రగా చేసుకుని తల్లి చేతులు విదిలించేసింది. "అమ్మమ్మ అబద్ధం చెప్పింది. నువ్వు అసలేం చెప్పలేదు. ఎప్పుడడిగినా తర్వాత చెప్తా అన్నావు!" అని అరిచి వెళ్ళి సోఫాలో ముడుచుకుంది.

స్నిగ్ధకి అప్పుడు తట్టింది. తను చెప్పకుండా వదిలేసినదాన్నే తల్లి తనకు తోచినట్టు పూరించింది. ఆ కోపమంతా ఇప్పుడు ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

సుభద్ర మనవరాలి వంక ఒకసారి చూసింది. ఆ పైన చెప్పులైనా వేసుకోకుండా బయటికి నడిచి ఎదురింటి బెల్లు కొట్టింది.

"అమ్మాయ్ ఉమా, నీకు నేను అబద్ధం చెప్పాను. మాకు ఓడల్లో ఎవరూ లేరు. మా అమ్మాయికి విడాకులయ్యాయి."

"అయ్యో పాపం! ఎంత కష్టమొచ్చె బిడ్డకు..."

"పాపం దేనికి?" సుభద్ర గొంతు కారిడారంతా ఖంగున మోగింది. "ఒక్కతే పిల్లని పెంచుకుంటోంది. పరాయి దేశంలో పీజీ చదువుతోంది. ఇలాంటిదాన్ని వదులుకున్నాడే, వాణ్ణి అను పాపమని!"

తిరిగొచ్చి ఆవిడ తలుపు వేసింది. గోడ పట్టుకుని నిలబడింది. "చెప్పేశానే. ఆ మాటంటే ప్రాణం పోతుందనుకున్నాను. ఏమీ కాలేదే స్నిగ్ధా... ఏమీ కాలేదు."

స్నిగ్ధ తల్లిని వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఎక్కడికీ వెళ్ళకమ్మా," అంది ఏడుపు మధ్యలోనే.

ఇద్దరూ సోఫా దగ్గరికి వెళ్ళారు. అమూల్య తల ఎత్తలేదు.

"తప్పయిపోయింది తల్లీ," అంది సుభద్ర.

"నాకింకా కోపంగానే ఉంది."

"ఉండనీ. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు ఉండనీ," అంటూ సుభద్ర ఆ చిన్న పాదాల దగ్గరే నేలమీద కూర్చుంది. స్నిగ్ధ కూడా పక్కనే కూర్చుని, ఈసారి ఏది అడిగినా అప్పటికప్పుడే చెప్పాలని కూతురి ప్రశ్న కోసం ఎదురుచూసింది.