సున్నప్పొడిలో అడుగులు

జమీలా బల్ల మీద నుంచి దూకింది. నేల మీద పరిచిన సున్నప్పొడిలో రెండు అడుగులు పడ్డాయి. ఎడమ పాదం సూటిగా పడింది. కుడి పాదం పక్కకు తిరిగి జారింది.

జమీలా చుట్టూ చూసింది. డ్రిల్ మాస్టారు జానకిరామయ్య ఇంకా ఆఫీసు గదిలోనే ఉన్నారు. హెడ్మాస్టారు పిలిస్తే వెళ్తూ, "మిగిలినవాళ్లు దూకండి. అడుగులు చెరపమాకండి. వచ్చి చూస్తా" అని చెప్పారు.

అది 1986. పిడుగురాళ్ల బడి నుంచి షాట్‌పుట్‌కు ఒక అమ్మాయిని సత్తెనపల్లి పోటీలకు పంపాలి. అందుకు బలం కావాలి. ఇసుక బస్తా భుజాన పెట్టుకుని బస్కీలు తీయాలి. కానీ దూకినప్పుడు కాళ్లు కుదురుగా ఆనితేనే మాస్టారు బస్తా ఇస్తారు. పాదం తిరిగితే మోకాలు లోపలికి పోతుందంటారు. అలాంటివాళ్లు ముందు ఒంటికాలి మీద నిలబడటం నేర్చుకోవాలి.

జమీలా నాన్న మక్బూల్ లారీ మెకానిక్. షెడ్డులో లారీ జాకీని ఆమె ఒక్కతే ఎత్తుతుంది. చిన్నపిల్లలుండే ఒంటికాలి వరసలో ఎలా నిలబడుతుంది?

ఆమె అరచేత్తో పొడి సర్దింది. దాని మీద మెల్లిగా నిలబడి, రెండు పాదాలూ సూటిగా ఒత్తి, పక్కకు తప్పుకుంది.

"ఏందే అది?" అంది పాపమ్మ. పాదం తిరిగిందని మాస్టారు ఆమెకు అప్పటికే బస్తా లేదన్నారు.

"చెప్పమాక."

"నేనెందుకు చెప్తా? కాళ్లు నీయి."

మాస్టారు వచ్చి వంగి చూశారు. "బాగా దిగావు. రేపట్నుంచి బస్తా తీసుకో."

ఆ రాత్రి జమీలా అన్నం సగంలో వదిలేసింది.

మర్నాడు సాయంత్రం బస్తా భుజానికెత్తుకుంది. ఎత్తడం కష్టం కాలేదు. ఒకటి. రెండు. మూడోసారి లేస్తుంటే కుడి మోకాలు లోపలికి వంగింది. లోపల ఏదో పట్టేసినట్టయింది. ఇంకా ఏడున్నాయి. మాస్టారు మైదానం అవతలి చివర ఉన్నారు.

నాలుగు. మోకాలు ఈసారి వణికింది. రేపు ఇరవై, ఎల్లుండి ముప్పై. ఎన్నాళ్లు దాచగలదు?

బస్తా కింద పెట్టి మాస్టారి దగ్గరికి నడిచింది.

"ఏమ్మా, బరువెక్కువైందా?"

"లేదు సార్. నిన్నటి అడుగులు దూకినవి కావు. చెరిపి, నిలబడి పెట్టినవి."

 మాస్టారు కింద కూర్చుని ఆమె మోకాలు నొక్కి చూశారు.

"నొప్పుందా?"

"కొంచెం పట్టేసింది సార్."

"ఇది పోతే మీ నాన్నకు నేనేం చెప్పను? దూకుతుంటే నేనూ దగ్గరుండి చూడలా. నాదీ తప్పే."

"సత్తెనపల్లికి?"

"ఈసారి కాదు. రెండ్రోజులు ఊరికే కూర్చో. నొప్పి తగ్గితే ఒంటికాలి వరసకు రా."

 జమీలా తలూపింది.

మూడో రోజు ఒంటికాలి వరసలో ఆరో తరగతి పిల్లలున్నారు. చివర పాపమ్మ ఉంది.

"రా పహిల్వాన్" అంది పాపమ్మ, కొంచెం జరిగి.

జమీలా ఎడమ కాలు ఎత్తింది. లెక్క పెట్టుకుంది. ఆరు దగ్గర తూలి పడబోయింది. ఆరో తరగతి పిల్లలు నవ్వారు. పాపమ్మ కూడా నవ్వింది.

జమీలా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.