తూము నోటి దగ్గర

హెస్టర్ థర్కెటిల్‌కి యాభై రెండేళ్లు. బాప్తిస్మం జరిగిన ప్రతి ఆదివారం, అందరూ విందుకి వెళ్ళిపోయాక, బిడ్డల్ని ముంచే రాతి తొట్టి అడుగు బిరడా తీసి, చివరి చుక్క దిగేదాకా పక్కనే నిలబడేది.

చర్చి ఊడ్చేది ఆవిడే. కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆ నీళ్లు నేల కింద తూము గుండా పోయి, ఉత్తరపు గోడ అవతల ముళ్లపొదల్లో పడతాయి. ఇంగ్లండులోని నార్ఫోక్‌లో, మా ఊరివాళ్ళు అటు వెళ్ళరు. బాప్తిస్మం అప్పుడు ఉత్తరపు తలుపు తెరిచి ఉంచుతారు — పసిబిడ్డలోంచి దెయ్యం ఆ దారిన బయటికి పోవాలని. పోయిన దెయ్యం ఎక్కడుంటుంది? ఆ పొదల్లోనే కూర్చుంటుందట. పొద్దుగూకాక అటు నడిచిన మగవాళ్ళకి పసిపిల్లల ఏడుపు వినిపించేదట... మా అమ్మమ్మ కెజయా ఇది చెబుతూ నవ్వేది.

ఎందుకు నవ్వేదో చాలా ఏళ్లకి చెప్పింది.

బాప్తిస్మం కాకుండా పోయిన బిడ్డని చర్చి దొడ్లో, సమాధుల మధ్య, పాతనివ్వరు. గంట లేదు, ప్రార్థన లేదు, పేరు లేదు. తొమ్మిది నెలలు మోసిన మనిషిని ఎవరూ ఒక మాట అడగలేదు. అందుకని ఆడవాళ్ళే, ఎవరికీ చెప్పకుండా, తూము నోటి దగ్గర తవ్వి తమ బిడ్డల్ని పాతుకున్నారు. ఊళ్ళో ఏ బిడ్డకి బాప్తిస్మం ఇచ్చినా, ఆ నీళ్లు చివరికి ఈ పసివాళ్ళ మీద పడతాయి. దెయ్యం కథ వాళ్ళకి కంచెలా పనికొచ్చింది.

హెస్టర్ కూతురు అక్కడే ఉంది. అరగంట బతికింది.

ఆ ఏడు పార్జిటర్ గారని కొత్త పాదిరి వచ్చారు. నాలుగు వందల ఏళ్ల నాటి తొట్టి ఆయన కంటికి మోటుగా కనిపించింది. నున్నటి పాలరాతి తొట్టి తెప్పిస్తారట. పాతది ఆయన పెరట్లో పూలమొక్కలకి. తూము కూడా గోడ అవతలి దాకా తవ్వించి పారేయిస్తారట.

"అయ్యగారూ, తొట్టి మార్చుకోండి. తూము జోలికి మాత్రం పోవద్దు," అంది హెస్టర్.

"ఏం, ఎలకలు నొచ్చుకుంటాయా?"

"అక్కడ తవ్వకూడదండీ."

"ఎందుకని?"

చెబితే ఎముకలు ఏరించి ఊరి బయట పడేయిస్తాడు. చెప్పకపోతే గునపం దిగుతుంది. మూడుసార్లు అడిగింది. మూడోసారి ఆయన టీ కప్పు మీంచి తల కూడా ఎత్తలేదు.

"ఊడవడం నీ పని, హెస్టర్. రాయి సంగతి నేను చూసుకుంటాను."

బయటికొచ్చి మా అమ్మమ్మ దగ్గర కక్కేసింది. "ఆ మనిషికి ఆడదాని మాట చెవికెక్కదే, కెజయా. గోడకి చెప్పుకున్నా కాస్త నయం."

"అయితే గోడ చేతే చెప్పించు," అంది అమ్మమ్మ విసుగ్గా.

హెస్టర్ ఉత్తరపు గోడ వైపు తిరిగి చూసింది.

డిసెంబరు. నాలుగింటికే చీకటి. తెల్లారితే మేస్త్రీలు వస్తారు. పాదిరి లాంతరు పట్టుకుని ఒక్కడే చర్చిలోకి వెళ్ళాడు — తవ్వాల్సిన చోట సుద్దతో గీత గీయడానికి.

తొట్టి మూతకి ఇనప తాళం. నీళ్లు దొంగిలించి మంత్రాలకి వాడతారని ఏనాడో వేయించింది. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది.

మోకాళ్ళ మీద కూర్చుని గీత మొదలుపెట్టాడు...

మూత కింద ఎవరో ఊపిరి పీల్చారు.

లాంతరు ఎత్తి చూశాడు. బల్లలన్నీ ఖాళీ. తొట్టి చుట్టూ చెక్కిన సింహాలు మాత్రం — ముక్కులు అరిగిపోయి — ఆయన్నే చూస్తున్నాయి.

"అయ్యగారూ..."

తొట్టిలోంచే. తడి గొంతు.

"మాకు... పేరు పెట్టరా?"

సుద్దముక్క విరిగింది. "ఎవరది?"

మళ్ళీ అదే మాట — ఈసారి ఒక్క గొంతు కాదు. రెండు... నాలుగు... ఒకదాని మీద ఒకటి, సన్నగా, తొందరగా, అన్నం వేళకి పిల్లలు ఎగబడినట్టు.

లాంతరు అక్కడే వదిలి పరిగెత్తాడు.

పొద్దున్నే మేస్త్రీలని వెనక్కి పంపేశాడు. పూర్వీకులు నిలిపిన రాతిని కదపరాదని ఆదివారం ప్రసంగించాడు, తనకే తోచినట్టు. మగవాళ్ళంతా తలలూపారు.

ఆయన విన్న గొంతుల సంగతి మాత్రం పాదిరి వంటమనిషి నోట ఊరంతా పాకింది. పాదిరి గీత గీసిన ఆ సాయంత్రం, గోడ అవతల బురదలో బోర్లా పడుకుని తూముకి నోరు ఆనించింది హెస్టరే. ఆవిడ మీద శాలువా కప్పి పట్టుకున్నది మా అమ్మమ్మే.

"అన్ని గొంతులు ఎలా పెట్టావే?" అని అడిగిందట తర్వాత. "నాకు ఒక్కటే వినిపించింది."

హెస్టర్ చీపురు ఆపింది.

"నేను ఒక్కసారే అన్నాను, కెజయా."

మార్చిలో పాదిరి భార్యకి పుట్టిన బిడ్డ, బాప్తిస్మానికి నీళ్లు తెచ్చేలోపే పోయింది. నియమం నియమమే, చర్చి దొడ్లో చోటు లేదన్నాడు ఆయన. ఆ రాత్రి హెస్టర్ పార తీసుకుని వెళ్ళి, ఆ తల్లి కోసం పాదిరి ఇంటి పెరటి తలుపు తట్టింది.