డిక్కీలో దిమ్మె

చిన్నోడికి ముప్పై ఎనిమిదేళ్లు. అన్న తర్వాత పుట్టాడు కాబట్టి ఇంట్లో ఆ పేరు పడింది, అన్న కనపడకుండా పోయి మూడేళ్లయినా వదల్లేదు.

ఆ వారమంతా అతను కారుకి డెంటింగ్, పెయింటింగ్ చేసేవాళ్ల కోసం ఊరంతా గాలించాడు. అన్న కారు అది. రెండే సీట్లు, నేలకు ఆనుకున్నట్టుండే ఎర్రటి స్పోర్ట్స్ కారు, తయారై ముప్పై ఏళ్లు దాటింది. ఆదివారం వచ్చి దాన్ని తీసుకుపోతానని వదిన కబురు పెట్టింది. ఇవ్వడానికి అతనికేం అభ్యంతరం లేదు. భయమల్లా డిక్కీ మూత గురించే. దాని మీద నాలుగు చోట్ల రేకు పైకి ఉబ్బి ఉంది, ఒక్కో ఉబ్బూ పిడికిలంత. వదిన కంట పడితే ఏమిటని అడుగుతుంది. తనే లప్పం పెట్టి, డబ్బా రంగు కొట్టి చూశాడు గానీ కురుపుకి పౌడరు రాసినట్టయింది.

మొదటి షాపువాడు పాత బళ్లు ముట్టుకోనన్నాడు. రెండోవాడు మూత మీద అయస్కాంతం ఆడించాడు, లప్పం ఉన్నచోట అది పట్టు లేక జారింది. గోటితో గీకి, వేలితో తడిమి, తల పైకెత్తాడు.

"గుద్దుకుంటే సొట్ట లోపలికి పోవాలి కదండీ. ఇవి లోపల్నుంచి బయటికొచ్చాయి. ఏం పెట్టారిందులో?"

చిన్నోడు తాళాలు లాక్కున్నంత పని చేసి బయటపడ్డాడు.

మూడోది సందు చివర ముసలి మేస్త్రీ షెడ్డు. రంగులో కలిపే తిన్నర్ ఘాటుకి లోపల కళ్లు మండుతున్నాయి. రేకులు కొట్టీ కొట్టీ మేస్త్రీ చెవులు ఎప్పుడో పోయాయట. ఏదీ అడగడు, చెప్పినా వినపడదు. ఇంతకంటే మంచివాడు దొరకడని చిన్నోడు సంబరపడ్డాడు. తన తెలివికి తనే మురిసిపోవడం అతనికి పాత అలవాటు.

ఉబ్బుని ఊరికే పైనుంచి కొడితే రేకు ఇంకోచోట లేస్తుందని మేస్త్రీ చెప్పాడు. కింద ఇనుప దిమ్మె ఆనించి, పైన సుత్తితో చిన్నచిన్న దెబ్బలు వేయాలి. మూత దించి కొడితేనే అంచులు కుదురుతాయి కాబట్టి, లోపల దిమ్మెను కర్రల మీద నిలబెట్టుకుంటానన్నాడు. శనివారం రమ్మన్నాడు.

నడుచుకుంటూ ఇంటికి పోతుంటే సుత్తి చప్పుడు వెనకే వచ్చింది. ఆ చప్పుడుకి అన్న గుర్తొచ్చాడు.

మూడేళ్ల కిందట ఓ రోజు డిక్కీలో ఏదో గలగలమంటోందని, ఎక్కడిదో పట్టుకుంటానని అన్న తనే లోపల దూరి పడుకున్నాడు. కార్ల పిచ్చి ఉన్నవాళ్లు చేసే పనే అది. "నువ్వు మెల్లగా నడుపు. దొరగ్గానే రెండుసార్లు కొడతాను, ఆపు" అన్నాడు. రెండు వీధులు దాటకముందే కొట్టాడు. టక్... టక్. చిన్నోడు ఆపలేదు. చిన్నప్పట్నుంచీ అన్నది స్టీరింగు, తనది పక్క సీటు. ఆ పూట మొదటిసారి నడిపాడు, బావుంది. అంతకుమించి కారణమేమీ లేదు. కారుని తన ఇంటి షెడ్డులోకి తెచ్చి, తలుపులేసి, స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. దెబ్బలు మధ్యాహ్నం దాకా వినపడ్డాయి. రేడియో పెట్టుకున్నాడు. ఆ తర్వాతిది పాడుబడ్డ క్వారీ నీళ్లు చూసుకున్నాయి. అన్న చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడని వదినతో అన్నాడు. ఆవిడ ఏడిస్తే తనూ ఏడ్చాడు.

శనివారం మూత అద్దంలా ఉంది. ఎంత తడిమినా చేతికి ఏమీ తగల్లేదు. మేస్త్రీ మాత్రం చిరాగ్గా ఉన్నాడు.

"మనిషిని లోపల పడుకోబెట్టి పోయావు. చెప్పక్కర్లేదా బాబూ?"

"ఏ మనిషి?"

మేస్త్రీకి వినపడలేదు. "దిమ్మె నిలబెట్టి మూత దించాను. మొదటి దెబ్బకే తెలిసింది, పట్టింది కర్రలు కాదని. నాకు వినపడదు గానీ చేతికి తెలుస్తుంది. నేనెక్కడ కొడితే అక్కడికే తెచ్చి ఆనించాడు. అంతా అయ్యాక రెండుసార్లు తట్టాడు."

"లోపల ఎవరూ లేరు" అని గొణిగాడు చిన్నోడు.

పచ్చి రంగు మీద మూత తీయకూడదని తను ఊరుకున్నాననీ, పొద్దున తను లేనప్పుడు వచ్చి మనిషిని దించుకునే ఉంటావనీ, తన దిమ్మె మాత్రం లోపలే ఉండిపోయిందనీ మేస్త్రీ చెప్పుకుపోయాడు. చిన్నోడు డిక్కీ తెరవలేదు. తర్వాత పంపిస్తానని సైగ చేసి బయల్దేరాడు. దారంతా గుంటలూ మలుపులే. రెండు కిలోల ఇనుము ఒక్కసారి కూడా దొర్లలేదు.

ఆదివారం మధ్యాహ్నం వదిన వచ్చింది. కారు చుట్టూ తిరిగి, మూత మీద అరచెయ్యి పరిచింది.

"మీ అన్న ఉన్నప్పుడు కూడా ఇంత నున్నగా లేదు చిన్నా."

అతను హమ్మయ్య అనుకున్నాడు. ఆవిడ ముచ్చటగా మూతను వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది.

లోపల్నుంచి... టక్... టక్.

"దిమ్మె వదినా. మేస్త్రీ మర్చిపోయాడు... దొర్లుతోంది."

ఆవిడ వంగి మూతకు చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. మధ్యమధ్య తల ఊపింది, ఎవరో చెబుతుంటే వింటున్నట్టు. ఆవిడ లేచి, అతని చేతిలోంచి తాళాలు తీసుకుని డిక్కీ తెరిచింది. కొత్త రంగు వాసన, దాని కింద ఇంకేదో పాత వాసన. లోపల ఎవరూ లేరు. దిమ్మె ఒక్కటే ఉంది.

"పట్టుకో" అంది.

పట్టుకున్నాడు. ఇనుము వెచ్చగా ఉంది.

"ఇంకా ఏదో గలగలమంటోందట. నువ్వు లోపల దూరు, నేను మెల్లగా నడుపుతాను" అంది వదిన నెమ్మదిగా. "దొరగ్గానే రెండుసార్లు కొట్టు. ఆపుతాను."

ఆ మాట అన్నకీ తనకీ తప్ప ఎవరికీ తెలియదు. దిమ్మె అక్కడే పడేసి పారిపోదామనుకున్నాడు. వేళ్లు విడిపోలేదు. వెనక్కి లాగాడు... రాలేదు. దాని అవతలి కొసను ఎవరో పట్టుకుని ఉన్నారు.