కదలని కాలు

“కాలు ఊపకు! బోర్డు కదులుతోంది!” అన్నాడు నత్త.

“నేనెక్కడ ఊపాను? చలికి అదే ఊగుతోంది,” అంది రాకెట్.

బడిలో ఇద్దరికీ ఆ పేర్లు ఊరికే రాలేదు. నత్త ఒక్క గీత గీయడానికి పదిసార్లు ఆలోచిస్తాడు. రాకెట్ గీసేశాక ఆలోచించడం మొదలుపెడుతుంది. బోర్డులు తక్కువై, డ్రాయింగ్ టీచర్ ఏరికోరి ఈ ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు. ఇద్దరి ఒళ్లోకీ కలిపి ఒకటే బోర్డు, దాని మీద చెరో కాగితం.

బడి పిల్లలంతా బొమ్మలు వేయడానికి బస్సులో వచ్చిన చెరువు గట్టున చలి కొరికేస్తోంది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. రాకెట్ వేసిన నీలం ఆకాశం ఎంతకీ ఆరడం లేదు. అది ఆరితేనే చెట్లు వేయాలి. బస్సు బయలుదేరేలోపు పూర్తయిన బొమ్మలే రేపు బడి గోడ ఎక్కుతాయి.

“నువ్వింకా బాతు దగ్గరే ఉన్నావా?” అని వెక్కిరించింది.

“చెల్లికి జ్వరం. బాతు బొమ్మ తెస్తానని మాటిచ్చాను.”

నత్త కాగితం మీద చుట్టూ బూడిదరంగు నీళ్లు, మధ్యలో తెల్లటి బాతు. ఆ తెలుపు కాగితానిదే. దానికి రంగు తగలకుండా చుట్టూ వేసేసరికి అతనికి తల ప్రాణం తోకకొచ్చింది.

రాకెట్ తన ఆకాశాన్ని ఊదింది. చేత్తో గాలి విసిరింది. ఊహూఁ! బోర్డు కాస్త ఎత్తితే నీళ్లు జారిపోతాయి కదా అనిపించింది. అనిపించడమే ఆలస్యం, తన వైపు ఎత్తేసింది.

నీళ్లు జారాయి. నీలమంతా పక్క కాగితం మీదకి పాకి, బాతు ఒంటి మీద ఆగింది.

నత్త పెదవులు బిగించి బాతునే చూస్తున్నాడు. తిట్టినా బాగుండేదనుకుంది రాకెట్.

“టీచర్! బాతును పాడుచేశాను! నేనే!” అని అరిచింది.

టీచర్ పరుగున వచ్చారు. “తడిగా ఉండగానే పొడిగుడ్డతో అద్దు. రుద్దకు!”

రాకెట్ మెడలోని కొత్త తెల్ల స్కార్ఫ్ లాగి మెల్లగా అద్దింది. మళ్లీ అద్దింది. నీలం చాలావరకు స్కార్ఫ్‌కి అంటుకుంది. రెక్క కింద మాత్రం లేత మరక మిగిలింది.

“మీ అమ్మ నీ వీపు విమానం మోత మోగిస్తుంది,” అన్నాడు నత్త స్కార్ఫ్ వంక చూస్తూ.

“అది తర్వాత. ఆ మరక రెక్క నీడలా లేదూ?”

నత్త తల వంచి చూశాడు. “ఉంది. అది ఆరాక ముక్కు, కన్ను వేస్తే చాలు. బోర్డు మాత్రం కదపకు.”

“త్వరగా కానివ్వండి, బస్సు వచ్చేసింది!” అన్నారు టీచర్.

రాకెట్ ఆకాశంలో ఇంకా ఒక్క చెట్టూ లేదు. బ్రష్ చేతికందే దూరంలోనే ఉంది. ఆమె దాని వంక ఒకసారి చూసి, రెండు చేతులతో బోర్డు అంచులు పట్టుకుంది. మెడ మీద చల్లగాలి గిలిగింతలు పెడుతోంది. కాలు ఊగబోయింది. రెండో కాలితో దాన్ని తొక్కిపట్టింది.

మరక ఆరింది. నత్త ముక్కు వేశాడు. కన్ను పెట్టబోతూ ఆగాడు.

“నీ ముక్కు కారుతోంది. తుడుచుకో.”

“నువ్వు ముందు కన్ను పెట్టు,” అంది రాకెట్, ఊపిరి బిగబట్టి.